1968ల వచ్చిన జాంబీ సినిమా (చచ్చినోళ్ళు లేసి మనుషుల్ని తినేటిది) చూసిన, దోస్తులు బోర్ అంటున్నరు, నాకైతే నిద్ర పట్టలే. అందుల మంచి ఏంది, లోపం ఏంది?

బత్తాయితోట, నల్లగొండ:

అన్నలకు అక్కలకు నమస్తే. మొన్న శనివారం రాత్రి మా బాయికాడి రూంల నలుగురం కూసొని నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చూసినం, జార్జ్ రొమెరో తీసిందే, బ్లాక్ అండ్ వైట్. ఇద్దరు సగంలనే పండుకున్నరు. ఒకడు జాంబీల నడక చూసి ఇదేం నడక బరాత్ అయిపోయినంక ఇంటికి పోతున్నట్టున్నరు అని లేసి పోయిండు. నేనొక్కన్నే చివరిదాక చూసిన, చూసినంక బయట బోరు మోటర్ బంద్ చేసి రావాలె గదా, టార్చ్ పట్టుకొని పోనీకి పది నిమిషాలు పట్టింది, తోటల ఆకు కదిలినా ఆగిన. అంటే భయం పుట్టించింది గదా మరి, బోర్ ఎట్లయితది?

గాని నాకే కొన్ని నచ్చలే. బార్బ్రా అనే అమ్మాయి అన్న చచ్చిపోయిన కాడి నుంచి సోఫాల కూసొని మాటా పలుకూ లేకుండ ఉంటది, దాదాపు సినిమా అంతా. మధ్యల టీవీ వార్తలు చానాసేపు నడుస్తయి. జాంబీలకు భయపడి ఒక ఇంట్ల దాక్కున్నోళ్ళల్ల టామ్, జూడీ అనే జంట మాట్లాడుకునే సీన్ బట్టీ పట్టి చెప్పినట్టున్నది.

ఎందుకు అడుగుతున్ననంటే ఈ దసరా సెలవుల్ల మేం ఒక 25 నిమిషాల జాంబీ సినిమా తీద్దాం అనుకుంటున్నం, మా ఊళ్ళె మా పెద్దనాయనది ఒక పాత పెంకుటిల్లు ఖాళీగున్నది, చేతుల 40 వేలు ఉన్నయి, నాకున్నది ఒక మంచి ఫోన్. ఈ సినిమా నుంచి ఏం తీసుకోవాలె, ఏం తీసుకోవద్దు? జర వివరంగ చెప్పుర్రి.

పాలమూరు రెండో ఆట, మహబూబ్‌నగర్:

తమ్మీ నీ దోస్తులు జాంబీల్ని చూసిన్రు, సినిమా అక్కడ లేదు, ఇంట్లోపల ఉన్నది. ఆ ఇంట్ల దాక్కున్నోళ్ళల్ల బెన్ అనేటాయన పైననే ఉందాం కిటికీలకు చెక్కలు కొడదాం అంటడు, హ్యారీ కూపర్ అనే ఇంకొకాయన లేదు కింద నేలమాళిగల దాక్కొని తలుపు పెట్టుకుందాం అంటడు. ఇద్దరి మాటలకూ లెక్క ఉన్నది. పైనుంటే పారిపోనీకి దారి ఉంటది, కిందుంటే ఒక్కటే తలుపు కాయాలె గాని అది విరిగితే కథ అయిపోతది. మనకు బెన్ నచ్చుతడు కూపర్ మీద కోపమొస్తది, ఎందుకంటే కూపర్ పిరికోడు, మొండోడు, బయట ఆడపిల్ల అరుపు విని కూడ పైకి రాలే. గాని చివరికి ఏమైంది? బెన్ పానం దక్కించుకున్నది ఆ నేలమాళిగల తలుపు పెట్టుకునే. అంటే మనం అసహ్యించుకున్నోని మాటనే నిజమైంది. ఇంత ధైర్యంగ రాసిన సీన్ నేను పెద్ద పెద్ద సినిమాల్ల కూడ తక్కువ చూసిన. భూమి పంపకం పంచాయితీల అన్నదమ్ములిద్దరు ఎట్ల మొండికేస్తరో అచ్చం అట్లనే ఉంటది, బయట ముప్పు ఉన్నదని తెలుసు, అయినా నా మాట నెగ్గాలె.

ఇగ ఖర్చు సంగతి. మొత్తం దాదాపు 1,14,000 డాలర్లల తీసిన్రు, మొదట పది మంది తలా 600 డాలర్లు ఏసుకొని మొదలుపెట్టిన్రు. అమెరికాల పిట్స్‌బర్గ్ దగ్గర ఎవాన్స్ సిటీల కూలగొట్టనీకి సిద్ధంగున్న పాత ఇల్లు దొరికింది, అందుల ఎన్ని చెక్కలు కొట్టినా అడిగేటోడు లేడు. ఆ ఇంటి నేలమాళిగ షూటింగ్‌కు పనికి రాలే, ఆ సీన్లు పిట్స్‌బర్గ్‌ల వాళ్ళ ఆఫీస్ ఉన్న బిల్డింగ్ కింద తీసిన్రు, చూసేటప్పుడు నీకు తెలిసిందా? తెల్వది. కార్ సంగతి ఇంకా మంచిగుంటది. అది బార్బ్రా అన్న జానీగా చేసినాయన వాళ్ళమ్మ కారు, షూటింగ్ మధ్యల దానికి సొట్ట పడ్డది, ఇగ కారు చెట్టుకు గుద్దుకున్నట్టు సీనే మార్చి రాసిన్రు. డబ్బు లేనప్పుడు బుర్ర ఎట్ల పనిచేయాలెనో అది చూడు.

బెన్‌గా చేసిన డ్యుయేన్ జోన్స్ నల్లజాతి నటుడు. పాత్రను ఆ లెక్కన రాయలే, ఆడిషన్ల ఆయనే బాగ చేసిండని తీసుకున్నరు, డైలాగుల్ల ఎక్కడ కూడ ఆయన రంగు గురించి ఒక్క మాట రాదు. గాని 1968 ఏప్రిల్ 4 నాడు నల్లజాతోళ్ళ హక్కుల కోసం కొట్లాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన్రు, సినిమా అక్టోబర్‌ల వచ్చింది, ఇగ ఆ చివరి సీన్‌ల తుపాకుల గుంపు బెన్‌ను చూసి జాంబీ అనుకొని కాల్చిపడేస్తే అప్పటి జనానికి ఎట్ల తాకి ఉంటదో ఆలోచించు. ఆ తర్వాత కదలని ఫోటోలు వస్తయి చూడు, కొక్కేలు గుచ్చి గుంజుకపోయేటివి, పేపర్ల వచ్చిన ఫోటోల లెక్క. నాకు మొత్తం సినిమాల అన్నిటికన్న భయమైంది అదే, అందుల ఒక్క జాంబీ కూడ మీదికి రాదు.

గద్వాల కోటగోడ:

నేను కొంచెం ఎదురు మాట్లాడుత, ఏమనుకోవద్దు. పాత సినిమా గదా, డబ్బుల్లేవు గదా అని అన్నీ మాఫ్ చేస్తే ఈ తమ్ముడు అవే తప్పులు చేస్తడు. మొదలు శ్మశానంల వచ్చే జాంబీ ఉరుకుతడు, రాయి తీసుకొని కారు అద్దం పగలగొడ్తడు, తర్వాత వచ్చేటోళ్ళు అందరు మెల్లగ ఊగుకుంట వస్తరు. ఏది నిజం? చూసేటోనికి ఆ ప్రాణి ఏం చేయగలదో లెక్క తెల్వకపోతే భయం నిలబడదు. పెట్రోల్ పంప్ సీన్ ఇంకోటి, కింద కాగడా మండుతుంటే పక్కనే తాళం మీద తుపాకీ పేల్చి పెట్రోల్ చిందించుకుంటరు. కంగారు అని సర్ది చెప్పొచ్చు గాని మా ఊళ్ళె ట్రాక్టర్ల డీజిల్ పోసేటోడు కూడ ముందు బీడీ ఆర్పుతడు, పల్లెటూరి పిలగాడు టామ్‌కు ఆ మాత్రం తెల్వదా.

నేనైతే లోపాల్ని రెండు కుప్పలు చేస్త. పైసల్లేక వచ్చినయి ఒక కుప్ప, మేకప్ పల్చగుండుడు, వెలుగు ఒక షాట్ల ఒక తీరు ఇంకో షాట్ల ఇంకో తీరు ఉండుడు, రెడీమేడ్ మ్యూజిక్ లైబ్రరీ నుంచి తెచ్చి అతికిన పాత మ్యూజిక్. ఇవి పది నిమిషాలల్ల కన్ను అలవాటు పడిపోతది, ఎవడూ గుర్తు పెట్టుకోడు. రాతల వచ్చినయి ఇంకో కుప్ప, బార్బ్రా, టామ్ జూడీ మాటలు, పెట్రోల్ సీన్. వీటికి పైసా ఖర్చు లేదు, కూసొని ఇంకోసారి రాస్తే పోయేది, అందుకే ఇవి 50 ఏండ్లు దాటినా ముల్లు లెక్క గుచ్చుతయి. బార్బ్రా విషయం రొమెరోకు కూడ తెలిసినట్టున్నది, 1990ల మళ్ళీ రంగుల్ల తీసినప్పుడు స్క్రిప్ట్ ఆయనే రాసిండు, అందుల ఆమె తుపాకీ పట్టి నిలబడి కొట్లాడుతది.

బత్తాయితోట, నల్లగొండ:

రెండు కుప్పల మాట నాకు బాగ ఎక్కింది అన్న. నేను ఇన్ని రోజులు మేకప్ గురించే తండ్లాడుతున్న, కథ ఒక్కసారే రాసి పక్కన పెట్టిన.

నల్లమల చెల్లె, అచ్చంపేట:

బార్బ్రా గురించి అందరు లోపం అంటున్నరు, నేను సగమే ఒప్పుకుంట. మా మేనమామ యాక్సిడెంట్‌ల పోయినప్పుడు మా అత్త మూడు రోజులు గోడకు ఆనుకొని అట్లనే కూసున్నది, నీళ్ళు తాగమన్నా తాగలే, మనిషి మాత్రం ఉన్నది చూపు లేదు. కాబట్టి అట్ల అయితరు, అది అబద్ధం కాదు. లోపం ఏందంటే ఆ సినిమా ఆమె లోపలికి ఒక్కసారి కూడ తొంగి చూడలే, సోఫా మీద సామాన్ లెక్క పెట్టి వదిలేసింది, చివర్ల ఒక్కసారి లేసి తలుపు కాడికి పోతది, అప్పుడు ఆ జాంబీల్ల ఆమె అన్నే ఉంటడు. ఆ ఒక్క క్షణం కోసం ఆమెను ముందు నుంచి కొంచెం కొంచెం తయారు చేసి ఉంటే ఎంత ఏడుపొచ్చేది.

ఎవరు చెప్పలేదేంది, నేలమాళిగల తల్లి సీన్? కూపర్ బిడ్డ చచ్చి లేస్తది, గోడకున్న తాపీ తీసుకొని తల్లి మీదికి వస్తది. ఆ తల్లి చేయెత్తి కొట్టదు, పారిపోదు, బిడ్డా అనుకుంట వెనక్కి వెనక్కి పోతది. జాంబీ సినిమా అంతా నాకు ఆ ఒక్క సీన్‌లనే ఉన్నది. బయటోడు మీదికొస్తే కొట్టొచ్చు, కడుపుల పుట్టింది వస్తే ఏం చేస్తవు? తమ్మీ నీ సినిమాల జాంబీ అయ్యేటోడు మనకు ముందే తెలిసినోడు అయ్యి ఉండాలె, మనం వాని చేతి చాయ్ తాగి ఉండాలె. అట్లయితే మేకప్ లేకున్నా భయపడ్త.

మిర్యాలగూడ లైట్‌బాయ్:

నేను 11 ఏండ్ల సంది పెండ్లి వీడియోలు తీస్తున్న కాబట్టి పని మాట చెప్త. ఆ సినిమాల రక్తం చాక్లెట్ సిరప్, బ్లాక్ అండ్ వైట్‌ల అది నల్లగ చిక్కగ కనబడ్తది కాబట్టి నడిచింది. నువ్వు రంగుల్ల తీస్తే అది పనికి రాదు, బెల్లం పాకంల మిఠాయి ఎర్ర రంగు ఏసి ఒక్క చుక్క నల్ల రంగు కలుపు, గాని పాకం తోని తోటల చీమలు ఈగలు కమ్ముతయి, షాట్‌కు ముందే పూసుకోవాలె. వాళ్ళు తినే మాంసం సీన్‌కు కసాయి దుకాణం నుంచి నిజం పేగులు తెచ్చిన్రు, నువ్వు బోటీ తెస్తే పొద్దుగాలనే తెచ్చి గంటల తీసేయి, ఎండకు వాసనొస్తది, చేసేటోళ్ళు వాంతి చేసుకుంటరు.

ఫోన్ తోని రాత్రి తీయకు. చీకట్ల ఫోన్ బొమ్మ అంతా పురుగులు పాకినట్టు చుక్కలు వస్తయి. పొద్దు గుంకినంక ఒక 20 నిమిషాలు ఆకాశం నీలంగుంటది, బయటి షాట్లు అప్పుడే తీయి, రోజుకు రెండు షాట్లే అయినా సరే. లోపలి సీన్లకు నీకు పెంకుటిల్లు ఉన్నది, అది అదృష్టం, రెండు పెంకులు జరిపి పై నుంచి ఒక్కటే లైట్ కిందికి ఏస్తే చాలు, మొఖం సగం చీకట్ల ఉంటది. రొమెరో వాళ్ళు కూడ నీడల తోనే నెట్టుకొచ్చిన్రు, ఆ ఇంట్ల కెమెరా ఒంకరగ పెట్టిన షాట్లు మళ్ళొకసారి చూడు.

అన్నిటికన్న ముందు సౌండ్. బొమ్మ బాగలేకున్నా జనం చూస్తరు, మాట వినబడకపోతే రెండు నిమిషాలు కూడ కూసోరు. ఆ సినిమాల సుత్తె దెబ్బల చప్పుడు, కీచురాళ్ళ చప్పుడు, రేడియో గొంతు, వీటి తోనే సగం భయం పుట్టింది. నీ 40 వేలల్ల 10 వేలు సౌండ్‌కు పక్కకు పెట్టు.

పాలమూరు రెండో ఆట, మహబూబ్‌నగర్:

టీవీ వార్తల గురించి ఒక్క మాట మర్చిపోయిన. పొడుగే, ఒప్పుకుంట, శుక్రగ్రహం నుంచి వచ్చే ఉపగ్రహం, రేడియేషన్, ఆ కారణం లేకున్నా నష్టం లేదు. గాని అందుల సైంటిస్ట్ ఒకటి చెప్తడు, మిలిటరీ ఆయన ఇంకోటి చెప్తడు, రిపోర్టర్ మైక్ పట్టుకొని వాళ్ళ వెంట ఉరుకుతడు, ఎవరికీ ఏం తెల్వదని మనకు అర్థమైతది. ఆ ముక్క ఉంచి మిగిలింది కోసేస్తే సరిపోయేది.

ఇంకోటి, కాయితాలు జాగ్రత్త. ఆ సినిమాకు ముందు వేరే పేరు ఉండె, పంపిణీదారులు పేరు మార్చినప్పుడు కాపీరైట్ అక్షరాలు కొత్త టైటిల్ మీద ఎక్కియ్యలే, అప్పటి అమెరికా చట్టం లెక్కన హక్కు పోయింది, ఎవడు పడితే వాడు వేసుకున్నడు. దాని తోనే ప్రపంచమంతా చూసింది అది వేరే సంగతి, గాని తీసినోళ్ళకు రావలసిన పైసలు రాలే. పది మంది తలా ఇంత ఏసుకుంటే ఎవరిది ఎంత అని రాసి సంతకాలు పెట్టుకోండ్రి.

బత్తాయితోట, నల్లగొండ:

అందరికి దండాలు. రాత్రి కూసొని మళ్ళ రాసిన. ఇప్పుడు ఇంట్ల ఇద్దరు అన్నదమ్ములు, పెద్దోడు అటక మీదికి ఎక్కి నిచ్చెన గుంజుకుందాం అంటడు, చిన్నోడు వాకిలి కాడనే ఉండి ట్రాక్టర్ మీద పోదాం అంటడు, వాళ్ళకు ముందు నుంచే బోరు కాడ పడదు. టీవీ వార్తలు తీసేసిన, దాని జాగల గ్రామపంచాయితీ మైకు పెట్టిన, పొద్దుగాల ఎవరూ బయటికి రావద్దని చెప్తది, మధ్యాహ్నం అందరు బడికాడికి రావాలని చెప్తది, సాయంత్రం మైకు ఆన్‌లనే ఉంటది గాని మాట రాదు, ఊపిరి చప్పుడే వస్తది. జాంబీ అయ్యేది వాళ్ళ నాయనమ్మ, మొదటి సీన్‌ల అందరికి చాయ్ పోసేది ఆమెనే, చెల్లె చెప్పినట్టు.

నాయనమ్మగా చేయనీకి మా ఊళ్ళె ఒక ఒగ్గుకథ చెప్పే పెద్దాయన ఒప్పుకున్నడు, చీర కట్టి ఆడ పాత్రలు చేసుడు ఆయనకు అలవాటే, నడక చేసి చూపెట్టిండు, నా దోస్తు ఒకడు కుర్చీ జరుపుకున్నడు. మిర్యాలగూడ అన్నా, నీ దగ్గర కాలర్ మైకులు రెండు ఉంటే కిరాయికి ఇస్తవా, మూడు రోజులకు?

మిర్యాలగూడ లైట్‌బాయ్:

కిరాయి వద్దు, దసరా దాటినంక రెండో రోజు నుంచి నాకు పెండ్లిళ్ళు లేవు, నేనే పట్టుకొని వస్త. ఆ పెద్దాయన గొంతు నాకు ముందు ఫోన్ల రికార్డ్ చేసి పంపు, మైకు సీన్‌కు ఎవరి ఊపిరి పెట్టాలెనో అది విన్నంక చెప్త.