చెరువు ఇగిరిందా, ఇంకిందా?

ఇది సమస్యాపూరణం: ఒకరు చివరి పాదం 'సమస్య'గా ఇస్తారు, మిగతావారు పై మూడు పాదాలు రాసి పద్యం పూరిస్తారు. ఎవరి మాటకు ముందు వారి ఊరి పేరు ఉంది.

సమస్య (తిరుపతి): "చెరువు లిగుర రైతు చెలగి నవ్వె"

ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ('చెరువులు ఇగుర' కలిసి 'చెరువు లిగుర'). 5 సూర్యగణాలు (మూడేసి మాత్రల ముక్కలు), చె-చె యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం). చెరువెండితే ఏడవాల్సిన రైతు ఎందుకు నవ్వాడో మీరే చెప్పండి. పాదం మార్చకూడదు.

పీలేరు:

మట్టి కొఱకు బండ్లు మడుగులోనికి దిగె
చేను బలియు ననుచు చింత తీరె
బురద యెండి నేడు పొలమున కెరువయ్యె
చెరువు లిగుర రైతు చెలగి నవ్వె

శ్రీకాళహస్తి:

వాన రాక నిన్న వలవల నేడ్చిన
కరువు సీమ మీద గరుణ జూపి
మబ్బు గురియ నేడు మసకబారిన కంటి
చెరువు లిగుర రైతు చెలగి నవ్వె

చిత్తూరు: నేను "చెరకు" అని చదువుకుని బెల్లం మీద పద్యం రాసేశాను. చెల్లదు కదా?

తిరుపతి: చెల్లదు సామీ. కానీ మాటకు అసలు అర్థం పట్టింది మీరే. పెనంలో చెరకు రసం కాగి కాగి ఇగిరితేనే పాకం. నీరు ఆవిరై పైకి పోవాలి, సారం కింద మిగలాలి. కూర ఇగిరిందన్నా అదే. పీలేరు వారి పూరణ బాగుంది, వేసవిలో ఒండ్రు తోలడం మన దగ్గర చూసేదే. 'ననుచు చింత' మాత్రం తప్పు. అనుచున్ ద్రుతాంతం (చివర 'న్' ఉన్న మాట), సరళాదేశం చేసి (తర్వాతి 'చ'ను 'జ'గా మార్చి) 'ననుచుఁ జింత' అనాలి. యతికేం ఇబ్బంది లేదు.

పుత్తూరు: నాకు సమస్య మీదే అనుమానం. చెరువు ఇంకుతుంది గానీ ఇగురుతుందా? ఇంకడమంటే నేలలోకి దిగడం, అందుకే ఇంకుడు గుంత అంటాం. చెరువు ఇంకితే కింద బావుల్లో నీళ్లు ఊరతాయి, రైతు నవ్వుతాడు. ఇగిరితే నీళ్లు ఎండ పాలే. 'చెరువు లింక రైతు' అన్నా గణాలు సరిపోతాయి, చూసుకోండి.

తిరుపతి: సరిపోతాయి. అప్పుడది సమస్యే కాదు!

పీలేరు: శ్రీకాళహస్తి వారికి ఒక మాట. నిన్న ఏడ్చింది సీమ, నేడు నవ్వింది రైతు. కన్ను ఎవరిది?

శ్రీకాళహస్తి: సీమ వేరు, రైతు వేరా అన్నా?

పుత్తూరు: ఆ పద్యంలో మాత్రం 'ఇగుర' కుదిరింది. కన్నీళ్లు ఇంకిపోయాయంటే దుఃఖం లోపలే ఉండిపోయినట్టు. ఇగిరాయంటే పోయినట్టు. 'ఇంక' అని ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదు. నా ఓటు దానికే.

చిత్తూరు: ఇగురంటే చిగురని కూడా ఉంది కదా, చెరువులు చిగిర్చాయని అనలేమా?

తిరుపతి: నామవాచకంగా ఉంది. కానీ చెరువు చిగిర్చడమేంటయ్యా, గట్టు మీద చెట్టైతే సరే. లాగకండి.

పుత్తూరు: మా అవ్వ ఈ రెండూ అనదు. "నీళ్లన్నీ ఇమిరిపోయినాయి" అంటాది. అది ఇంకడమా, ఇగరడమా అని అడిగితే, "ముందు బువ్వ తిను" అనింది. రేపు మళ్లీ అడిగి చెప్తా.