దోమల మీద ఫాగింగ్ పెంచాలా, ఇళ్లలో నీళ్లు పారబోయించాలా?

చీపురుపల్లి వాసి:
వానలు మొదలైతే చాలు, శుక్రవారం డ్రై డే అంటూ ఇంటికొచ్చి డ్రమ్ములు బోర్లించమంటున్నారు. మాకు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. పట్టుకున్న నీళ్లు పారబోస్తే వాడుకోవడానికి ఏం మిగులుతాయి? వారానికోసారి వీధిలో ఫాగింగ్ చేస్తే పోయేదానికి జనం మీద పడటమెందుకు?

పలాస మాస్టారు:
ఫాగింగ్‌తో పోదు తమ్ముడూ. మన వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల సంతతి మారిషస్‌లో ఉంది కదా, దాని పక్కనే రీయూనియన్ దీవి. 2005-06లో అక్కడ చికున్‌గున్యా సుమారు 2,66,000 మందికి సోకింది. అంటే జనాభాలో మూడో వంతు. ఆ దీవి ఫ్రాన్స్‌ది, డబ్బుకి లోటు లేదు. మందు కొట్టడానికి సైన్యాన్ని కూడా దింపారు. కానీ అప్పటికే వైరస్‌లో చిన్న మార్పు వచ్చి, అక్కడ ఎక్కువగా ఉండే టైగర్ దోమకి (ఒంటి మీద తెల్ల చారలుండే రకం) బాగా అలవాటుపడిపోయింది. ఒకసారి ఊరూరా పాకాక పొగ ఏం చేయగలదు? ఆ 2006లోనే మన దేశంలో అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. మన రాష్ట్రం కూడా బాగా దెబ్బతింది.

పొగ ఎగిరే దోమనే చంపుతుంది, గుడ్డునీ లార్వానీ ఏమీ చేయదు. పైగా మన ఇళ్లలో చికున్‌గున్యా మోసే దోమ పగలు కుడుతుంది, మంచం కింద, బట్టల చాటున నక్కి ఉంటుంది. వీధిలో కొట్టిన పొగ అక్కడిదాకా సరిగా రాదు. మీ సిమెంటు గోలెంలో టార్చి వేసి చూడండి. వెలుగు పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. అవే వారం, పది రోజుల్లో దోమలై లేస్తాయి. వారానికోసారి నీళ్లు పారబోయమనేది అందుకే.

గార నుంచి:
మరి మురికి కాలవల సంగతేంటి మాస్టారూ? దోమలన్నీ అక్కడే కదా పుడుతున్నాయి?

పలాస మాస్టారు:
కాలవలో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్, బోదకాలు దోమ. దాన్నీ వదలకూడదు. చికున్‌గున్యా, డెంగ్యూ దోమకి మాత్రం మన ఇంటి శుభ్రమైన నీళ్లే కావాలి. ఉద్దానంలో పెరట్లో పడేసిన కొబ్బరి చిప్పలో చారెడు వాన నీళ్లున్నా దానికి చాలు.

బొబ్బిలి కోడలు:
మాస్టారు చెప్పింది నిజమే, కానీ నీళ్లు మోసేది ఆడవాళ్లం. పారబోయమనడం తేలికే. మా అత్తయ్యకి చికున్‌గున్యా తగ్గాక కూడా నెలల తరబడి బిందె ఎత్తలేకపోయింది, పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. ఆ నొప్పి చూశాను కాబట్టే డ్రమ్ముకి పాత పంచె కప్పి తాడుతో బిగించి కడుతున్నాను. దోమ లోపలికి పోదు, నీళ్లు మిగులుతాయి. డ్రమ్ము ఖాళీ అయిన రోజున గోడలు పీచుతో గట్టిగా తోమాలి. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి, నీళ్లు లేకపోయినా నెలలు బతుకుతాయి. ఇంటికొచ్చే సిబ్బంది ఇది చెప్పకుండా బోర్లించమంటే ఎవరు వింటారు?

గార నుంచి:
టీకా వచ్చిందంటున్నారు కదా?

పలాస మాస్టారు:
2025లో రీయూనియన్‌లో మళ్లీ విజృంభిస్తే వేశారు. పెద్ద వయసువాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు రావడంతో 65 దాటినవాళ్లకి ఆపేశారు. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం. ఒక వీధిలో కేసులు బయటపడితే అక్కడ వెంటనే ఫాగింగ్ చేయాల్సిందే, దాన్ని నేను వద్దనను.

చీపురుపల్లి వాసి:
మూత, తోమడం వరకు ఒప్పుకుంటాను. కుళాయి రోజూ ఇవ్వకుండా డ్రమ్ము పెట్టుకున్నవాడిదే తప్పంటే మాత్రం ఒప్పుకోను. రోజూ నీళ్లు, లేదంటే ఇంటింటికీ బిగుతు మూతలు ఇమ్మని పంచాయతీకి అర్జీ రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.