బ్యారెల్ ఏజ్డ్ సిగార్: ఆ రుచి పీపాదా, పైన కొట్టిన సెంటుదా, ఎట్ల తేల్చాలె?

హన్మకొండ చౌరస్తా:

రోబస్టో సైజు సిగార్లు ఐదు ఉన్నయ్, 5 అంగుళాల పొడవు, 50 రింగ్ (సిగార్ లావు కొలత). బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాలల్ల మాగబెట్టిన ఆకు అని డబ్బా మీద ఉన్నది. ఏ ఆకు, ఎన్ని నెలలు అన్నది లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల 69 శాతం బోవెడా ప్యాకెట్ (డబ్బాల తేమను ఒకే తీరుగ నిలిపేది) వేసి మూడు వారాలైంది, తేమ మీటర్ 72 చూపిస్తున్నది. ఒకటి ముట్టిస్తే మొదట్ల బెల్లం, వెనిలా వాసన బాగనే ఉన్నది. సగం దాటినంక వగరు, చేదు. రెండుసార్లు ఆరిపోయింది.

మూడు సంగతులు కావాలె. ఆ తీపి వాసన నిజంగ పీపాదా, ఫ్లేవర్ కొట్టిందా? చివరి చేదు సిగార్ తప్పా, నేను పెట్టిన తీరు తప్పా? మిగిలిన నాలుగింటికి మార్కులు వేయాలంటే ఏ పద్ధతి? రివ్యూలల్ల లెదర్, సెడార్, ఎర్త్ అని రాస్తరు, అవి నాలుక మీద దేనికి సరిపోతయో తెలుస్తలేదు.

కాజీపేట జంక్షన్:

అన్నా, రుచి తర్వాత. ముందు తేమ తేల్చుకో. 72 నిజమైతే ఆరిపోవుడు, చేదు రెండూ దానివల్లనే రావచ్చు. తడి ఆకు సాఫ్‌గ కాలదు. ఆరిపోతదని గట్టిగ గుంజుతం, గుంజినకొద్ది నిప్పు వేడెక్కుతది, ఆ వేడికి చేదు దిగుతది.

మీటర్‌ను నమ్మేముందు ఉప్పు పరీక్ష చెయ్యి. సీసా మూతల ఒక చెంచా ఉప్పు పోసి నాలుగైదు చుక్కల నీళ్లు వెయ్యి. ఉప్పు కరగొద్దు, తడి ఇసుక లెక్క ఉండాలె. దాన్ని, మీటర్‌ను ఒకే జిప్ కవర్ల పెట్టి మూసి, 10-12 గంటలు కదపకు. సరిగ్గ 75 రావాలె. 78 వస్తే నీ మీటర్ మూడు ఎక్కువ చెప్తున్నట్టు, డబ్బాల ఉన్నది 69 అన్నట్టు.

ఏది వచ్చినా నా సలహా 65 శాతం ప్యాకెట్‌కు మారు. 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి పాతిక సిగార్ల దాకా సరిపోతది, ఐదింటికి ఎక్కువే. మార్చినంక కనీసం రెండు వారాలు ఆగు. పైన ఆకు రెండు రోజులల్ల ఆరుతది గని లోపలి ఆకుకు టైం పడతది. తొందరపడితే పైన పొడి, లోపల తడి ఉండి పగులుతది.

ఇంకొకటి, ఈ డబ్బాల వేరే సిగార్లు వేయకు. పీపా వాసన పక్కదానికి ఎక్కుతది, దాని వాసన దీనికి ఎక్కుతది. అట్ల కలిసినదానికి మార్కులు వేసినా లెక్కకు రాదు.

ఎండాకాలం సంగతి కూడ ఇప్పుడే చూసుకో. మన వరంగల్‌ల మే నెలల 43-44 దాకా పోతది, మూసిన గది లోపల వేడి దిగదు. 24 డిగ్రీలు దాటితే ఆకుల ఉన్న పొగాకు పురుగు గుడ్లు పొదగొచ్చు. పై ఆకుకు గుండుసూది గుచ్చినట్టు సన్నని బొక్కలు, డబ్బా అడుగున పిండి లెక్క పొడి కనిపిస్తే పురుగు పడ్డట్టే. పీపాల ఉన్న ఆకే గద, పురుగు రాదనుకోకు. జిప్ కవర్ల గాలి తీసి మూసి ఒకరోజు ఫ్రిజ్, మూడు రోజులు ఫ్రీజర్, మళ్ల ఒకరోజు ఫ్రిజ్. బయటికి తీసినంక గది వేడికి వచ్చేదాక కవర్ విప్పకు, విప్పితే ఆకు మీద నీరు పడతది. కొన్న కొత్తల్నే ఈ పని చేస్తే మంచిది. తర్వాత డబ్బాను ఏసీ గదిల, కిటికీకి దూరంగ పెట్టు.

మంచిర్యాల గోదారి గడ్డ:

పై సలహాల ఒక్కటి ఒప్పుకోను. మీటర్ తప్పై లోపల 69 ఉంటే దాన్ని దోషమనలేం, ఆ తేమల చాలా సిగార్లు బాగనే కాలుతయి. ముందు గుంజుడు చూడాలె. ముట్టించకముందు కోసి పీల్చినప్పుడు గాలి ఎట్ల వస్తున్నది? సన్నని స్ట్రాతో చిక్కటి మజ్జిగ తాగినట్టుంటే లోపల బిగుసుకున్నట్టు. దాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగ దొర్లించుకుంట గట్టిగ తగిలే చోటు వెతుకు. చాలాసార్లు లేబుల్ కిందనే దొరుకుతది. జర నొక్కి వదిలితే సదురుకుంటది. సదురుకోకుంటే ఆ సిగార్‌ను లెక్కల నుంచి తీసెయ్యి.

ఇగ పీపా సంగతి. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలనే మాగబెట్టాలె. సుమారు 200 లీటర్ల పీపా అది. ఒకసారి వాడినంక బోర్బన్‌కు మళ్ల పనికిరాదు కాబట్టి స్కాచ్, రమ్ము వాళ్లకు పోతది, కొన్ని సిగార్ కంపెనీలకూ పోతది. అండ్ల ఎప్పుడో పులిసి మాగిన పొగాకు నింపుతరు. అన్నిట్ల ఒకే ఆకు పెట్టరు. పెర్డోమో కంపెనీ వాళ్లు పైన చుట్టే ఆకును పీపాల పెడతరు, కమాచోల ఒక రకం కొరోహో ఆకును పెడతరు. డబ్బా మీద ఏ ఆకో చెప్పలేదంటే నాలుకతోనే పట్టాలె. పై ఆకుకే పీపా వాసన ఉంటే పెదవికి, మొదటి పీల్పుకు గట్టిగ తెలుస్తది, రెండో భాగానికి పలుచనైతది. లోపలి ఆకుకు ఉంటే మొదట తక్కువ, నిప్పు లోపలికి పోయినకొద్ది పెరుగుతది.

పీపా నుంచి ఆకుకు ఎక్కేది మందు కాదు. ఆల్కహాలు ఎగిరిపోతది. కాల్చిన ఓక్ కట్టెల నుంచి వెనిలిన్, కొబ్బరి వాసన ఇచ్చే లాక్టోన్లు, లవంగాలల్ల ఉండే యూజినాల్, పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ వస్తయి. అందుకే నిజమైన పీపా వాసనల కట్టె ఉంటది. ఫ్లేవర్ కొట్టినదాంట్ల తీపి ఒక్కటే ఉండి, కట్టె ఉండదు.

పరీక్షలు ఇవి. ఒకటి, ముట్టించకముందు కోయని సిగార్ మూతిని పెదవికి ఆనించి నాలుకతో తడుము. చక్కెర లెక్క తియ్యగుంటే మూతికి తీపి పూసిండ్రు. పీపా ఆకు వాసన తియ్యగ ఉంటది గని నాలుకకు తీపి తగలదు. రెండు, కాల్చే కొసను వాసన చూడు. కట్టెబొగ్గు, ఎండిన ఇప్పపువ్వు, ముదురు బెల్లం కలిసినట్టుంటే పీపాది. బేకరీల కేకు మీద కొట్టే ఎసెన్స్ లెక్క ముక్కుల గుచ్చుకుంటే కొట్టిందే. మూడోది అన్నిటికన్న గట్టిది: ముట్టించినంక ఆ వాసన మారుతదా లేదా. పీపాది పొగల మెత్తబడి వేయించిన గింజలు, మిరియం, కాఫీల కలిసిపోతది. సెంటుది మొదటి పీల్పుల ఎట్లున్నదో పదో పీల్పుల గట్లనే ఉంటది, లేదంటే ఉన్నట్టుండి మాయమై ఖాళీ పొగాకు మిగులుతది.

అదే కంపెనీ అదే మిశ్రమంతోటి పీపా లేని రకం అమ్ముతుంటే ఒకటి సంపాదించు. లేబుళ్లు తీసేసి, ఏది ఏదో నీకు తెలియకుంట ఇంకొకరితోటి ఇప్పించుకో. ఒకేరోజు రెండు కాల్చకు. వరుసగ రెండు రోజులు, అదే గంటకు, అదే తిండి తిన్నంక.

హన్మకొండ చౌరస్తా:

ఉప్పు పరీక్షల 77 వచ్చింది, అంటే డబ్బాల 70. గుంజుడు ఒకదాంట్ల బిగువు, మూడింట్ల సాఫ్. ఇంకో రెండు ప్రశ్నలు: ఫ్యాన్ కింద కాల్చొచ్చా? పక్కన బోర్బన్ పెట్టుకుంటే పోల్చనీకి మంచిదా?

కాజీపేట జంక్షన్:

ఫ్యాన్ వద్దే వద్దు. గాలి తగిలిన దిక్కు ఆకు తొందరగ కాలి ఒక పక్క లోయ పడతది, సరిచేయనీకి మళ్ల మళ్ల మంట పెడితే చేదు. పొద్దుగాల ఆరు గంటలకో, సాయంత్రం గాలి పడిపోయినంకనో సొంత ఇంటి మీద, పిల్లలు లేని చోట కూసో.

మందు కూడ వద్దు. గ్లాసుల బోర్బన్ ఉంటే నాలుకంతా వెనిలానే, సిగార్‌ల ఏముందో తెలవదు. మామూలు నీళ్లు చాలు. కారం, మసాలా తిన్న గంటన్నర దాకా ఆగు, పచ్చి ఉల్లిగడ్డ అసలే వద్దు. ఖాళీ కడుపున మాత్రం ముట్టించకు. నికోటిన్ ఎక్కితే చెమటలు, తల తిరుగుడు, వాంతి వస్తది. అట్లైతే వెంటనే పక్కన పెట్టి బెల్లం ముక్క తిని నీళ్లు తాగు.

కోసేటప్పుడు 2 మిల్లీమీటర్లే, మూతి గుండ్రం తిరిగే భుజం దాటొద్దు. దాటితే పై ఆకు విప్పుకుంటది. పెట్రోల్ లైటర్ వాసన ఆకుకు పడుతది, గ్యాస్ లైటర్ గాని గంధకం కాలిపోయినంక అగ్గిపుల్ల గాని వాడు. మంట కొసకు తగలకుండ అర అంగుళం దూరంల తిప్పుకుంట అంచంతా ఎర్రబడేదాక కాపి, తర్వాతనే పీల్చు. నిమిషానికి ఒక పీల్పు. పొగ ఊపిరితిత్తులల్లకు పోవద్దు. నాలుగైదు పీల్పులకు ఒకసారి నోట్ల పొగల సగం వదిలేసి, మిగిలింది ముక్కు గుండ మెల్లగ వదులు. పీపా సువాసన అక్కడనే పట్టుబడతది. నోట్ల పట్టిన పొగతోటి కూడ నోటి క్యాన్సర్ ముప్పు ఉంటది, కాబట్టి నాలుగు సిగార్ల పరీక్షను నాలుగు నెలలకు పరుచుకో.

కరీంనగర్ మానేరు:

మార్కుల సంగతి నేను చెప్తా. సిగార్ అఫిషియొనాడో పత్రిక 100 మార్కులను రూపానికి, చుట్టిన తీరుకు 15, రుచికి 25, కాలే తీరుకు 25, మొత్తం అభిప్రాయానికి 35గా పంచుతుంది. మామూలు సిగార్‌కు అది చాలు. పీపా సిగార్‌కు చాలదు, ఎందుకంటే పీపాకు, పొగాకుకు మధ్య పొత్తు ఎట్లుందన్నది అండ్ల విడిగా కనిపించదు. అందుకే ఇట్ల వేయండి: ముట్టించకముందు వాసన 10, గుంజుడు, కాలుడు 25, పొగాకు రుచి 30, పీపా పొత్తు 25, చివర నాలుక మీద మిగిలేది 10.

పీపా పొత్తుకు మార్కు వేసేటప్పుడు నాకు ఒక్కటే కొలత. పీపాను తీసేసినా ఆ సిగార్ నిలబడుతుందా? మొదటి మూడో వంతులో పీపా ఎంత ఉన్నా ఫర్వాలేదు. రెండో వంతులో పొగాకు పైకి రాకుంటే 25లో 10 దాటి ఇవ్వొద్దు.

మాటల విషయంలో ఇంగ్లీషు రివ్యూల వెనక పోవద్దు, మీ వంటింట్లో ఉన్నవి చాలు. సెడార్ అంటే పెన్సిల్ చెక్కితే వచ్చే వాసన. లెదర్ అంటే కొత్త తోలు చెప్పులు. ఎర్త్ అంటే చెల్కలో తొలివాన పడ్డప్పటి మట్టి. టోస్ట్ అన్న చోట వేయించిన నువ్వులా, పొట్టుతో వేయించిన పల్లీలా చూసుకోండి, రెండూ వేరు. తీపి అని ఊకె రాయొద్దు. లేత పాకమా, మాడబోయే ముదురు పాకమా, ఎండు ఖర్జూరమా రాయండి. కారంలో మిరియం ముక్కుకు ఎక్కుతుంది, మిర్చి గొంతు పట్టుకుంటుంది.

ఇక మీరు వగరు, చేదు అని ఒక్క మాటగా రాశారు. ఆ రెంటినీ విడదీయండి, సగం జవాబు అక్కడే ఉంది. చేదు నాలుకకు తగిలే రుచి. పచ్చి తునికిపండు కొరికినట్టు బుగ్గల లోపల పట్టేసేది వగరు. చేదు ఎక్కువసార్లు వేడి వల్ల వస్తుంది. రెండు నిమిషాలు ఆపి, సిగార్‌ను నోట పట్టి దాని గుండా పొగను మెల్లగా బయటికి ఊది, మళ్లీ నెమ్మదిగా పీలిస్తే తగ్గుతుంది. తగ్గితే సిగార్ మార్కులు కోయొద్దు, తప్పు పీల్చిన తీరుది. వగరు అట్ల తగ్గదు. అది ఓక్ కట్టెలో వగరు ఇచ్చే టానిన్లు ఎక్కువై గాని, ఆకు ఇంకా పచ్చిగా ఉండి గాని వస్తుంది. కాల్చే కొస దగ్గర పశువుల కొట్టంలో వచ్చే అమ్మోనియా ఘాటు ఉంటే ఆకు పచ్చిదే, 65 శాతంలో రెండు మూడు నెలలు ఉంచితే చాలావరకు పోతుంది. ఘాటు లేకుండా వగరొక్కటే ఉంటే పీపా ఎక్కువైనట్టు, అది ఉంచితే పోదు. అప్పుడు పొత్తు మార్కుల్లోనే కోయండి.

మీ దగ్గర సాఫ్‌గా గుంజేవి మూడున్నాయి కాబట్టి ఒకటి 65కు మార్చిన మూడు వారాలకు, ఇంకొకటి నెలన్నరకు, చివరిది మూడు నెలలకు. ప్రతి మూడో వంతు దాటగానే మూడు మాటలు రాయండి, కాల్చడం అయిపోయినంక రాయొద్దు. బిగువున్న దాన్ని కోసి, పొడవునా చీల్చి చూడండి. ఏ ఆకుకు పీపా వాసన ఉందో ముక్కు దగ్గర పెడితే అక్కడే తేలిపోతుంది.