.308లో బుల్లెట్ లోతు: మాన్యువల్ మాటా, బ్యారెల్ మాటా?

కొత్తగురి (డల్లాస్): నా .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కు 168 గ్రెయిన్ల బరువున్న మ్యాచ్ (గురి పోటీల) బుల్లెట్‌తో తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటున్నాను. రీలోడింగ్ మాన్యువల్ (తూటాల తయారీ పుస్తకం) తూటా మొత్తం పొడవు 2.800 అంగుళాలని చెబుతోంది. నా చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) బుల్లెట్ రైఫ్లింగ్‌ను, అంటే బ్యారెల్ లోపలి మెలి గాళ్లను, తాకే పొడవు కొలిస్తే 2.871 వచ్చింది. ఎక్కడ నిలపాలి?

పాతకాపు (ఆరిజోనా): రైఫ్లింగ్‌కు 0.020 అంగుళం వెనుక నిలపండి. కేసు (తూటా ఇత్తడి గొట్టం) వదిలిన బుల్లెట్ రైఫ్లింగ్ అందుకునే లోపు ఎంత తక్కువ దూరం గెంతితే అంత తిన్నగా బ్యారెల్‌లోకి దిగుతుంది. అయితే బుల్లెట్ కొన నుంచి కొలవకండి. ఒకే పెట్టెలోని బుల్లెట్ల కొనలే ఒకదానితో ఒకటి సరిపోలవు. కంపారేటర్ అనే కొలత పరికరంతో ఓజైవ్ (బుల్లెట్ కొన వైపు వంపు) దగ్గర కొలవండి, అదీ ఐదుసార్లు, ఎందుకంటే బుల్లెట్‌ను కాస్త గట్టిగా నెట్టినా అది రైఫ్లింగ్‌లోకి దిగి కొలత పెరిగిపోతుంది.

అడవిదారి (కొలరాడో): ఇలాంటి సలహా విన్నందుకే ఒక వేట నాకు దక్కకుండా పోయింది. ఒక మిత్రుడు చెప్పిన పొడవుతో తూటాలు చేసుకుని వెళ్లాను. చీకటి పడ్డాక రైఫిల్ ఖాళీ చేద్దామని బోల్ట్ లాగితే కేసు మాత్రమే బయటకు వచ్చింది, బుల్లెట్ రైఫ్లింగ్‌లోనే ఇరుక్కుంది, పౌడరంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోయింది. మర్నాడు వేటకు బదులు తుపాకీ శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాను. మాన్యువల్ పొడవు దాటకండి.

కొత్తగురి: నా మ్యాగజైన్‌లో 2.830 దాటిన తూటా పట్టదు.

చూసిపోయేవాడు: అంటే పాతకాపు గారి 2.851 (2.871లో 0.020 తీస్తే వచ్చేది) సలహా అక్కడితో సరి.

పాతకాపు: అడవిదారి గారూ, 0.020 ఖాళీ ఉన్న బుల్లెట్ ఇరుక్కోదు. మీరు ఆ పొడవును కొన నుంచి కొలిచారా, ఓజైవ్ నుంచి కొలిచారా?

అడవిదారి: ఎక్కడి నుంచి కొలిస్తే ఏమిటండీ? కాల్చినకొద్దీ రైఫ్లింగ్ మొదలు అరిగి ముందుకు జరుగుతుంది, మీ 0.020 కొన్నాళ్లకు 0.030 అవుతుంది. వెదర్‌బీ కంపెనీ రైఫిళ్లలో చాలావాటికి ఆ ఖాళీ ఎంతో ఎక్కువ, అయినా అవి గురి తప్పడం లేదు.

పాతకాపు: కొన నుంచే కొలిచారన్నమాట.

కొత్తగురి: రెండు పొడవులూ 100 గజాల దగ్గర మూడేసి తూటాలతో కాల్చాను, 2.851 తూటాలను చేత్తో ఒక్కొక్కటిగా పెట్టాను. 2.800కు గ్రూపు (రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) 0.9 అంగుళం, 2.851కు 0.6.

పాతకాపు: ఇంకేం కావాలి?

లెక్కలమాస్టారు (న్యూజెర్సీ): మూడు తూటాలతో ఏదీ తేలదు. రేపు అవే పొడవులు మళ్లీ కాల్చితే ఫలితం తారుమారు కావచ్చు.

అడవిదారి: పాతకాపు గారూ, నన్ను పలకాబలపం పట్టిన పిల్లవాడిలా ప్రశ్నించడం ఇక మానండి. ఒక్క మాట చెప్పండి: తూటా చాంబర్‌లో పెట్టి, కాల్చకుండా మీరు ఎన్నిసార్లు బయటకు తీశారు?

పాతకాపు: నేను బెంచ్ మీద ఒక్కొక్కటే పెట్టి కాలుస్తాను. పెట్టినది కాల్చకుండా తీయవలసిన అవసరం నాకు రాలేదు.

అడవిదారి: నాకు రోజూ వస్తుంది. పొద్దంతా చాంబర్‌లో పెట్టుకుని తిరిగిన తూటానే సాయంత్రం తీసేస్తాను. బెంచ్ మీదే కాలుస్తానన్న మాట మీరు మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పాతకాపు: మీ మిత్రుడి అంకె అతని బ్యారెల్‌ది, అతని బుల్లెట్‌ది. దాన్ని మీ రైఫిల్‌లో కొలిచి చూసుకోకుండా వాడడం మీ పొరపాటు, నా పద్ధతిది కాదు.

లెక్కలమాస్టారు: ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. బుల్లెట్‌ను లోతుగా దించితే కేసులో చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. రైఫ్లింగ్‌కు ఆనించినా ఒత్తిడి పెరుగుతుంది. పొడవు మార్చిన ప్రతిసారీ పౌడర్‌ను మాన్యువల్ ప్రారంభ పరిమాణానికి తగ్గించి మొదలుపెట్టాలి.

కొత్తగురి: మ్యాగజైన్‌లో పట్టే 2.820, మాన్యువల్ 2.800, రెండిటినీ తగ్గించిన పౌడర్‌తో పదేసి కాల్చి చూస్తాను.

పాతకాపు: ఓజైవ్ దగ్గర కొలిచి కాల్చండి.