120 రూపాయల ఉలి పనికొస్తదా, కమ్మరితోటి కొట్టించుకోవాల్నా?

కొత్తచేతులు (దేవరకొండ)
అందరికి నమస్తే. బడిల లెక్కలు చెప్పే సారును. ఇంటెనక రేకుల షెడ్డుల ఆదివారాలు చెక్కపని నేర్చుకుంటున్న. ఇప్పటిదాంక ఒక పీట, ఒక పుస్తకాల అర చేసిన. రెండూ మొలలు కొట్టి చేసినయే. ఇగ మొలలు లేకుంట బెజ్జం తొలిచి జాయింటు చెయ్యాలని ఉంది. ఊళ్లె హార్డ్‌వేర్ షాపుల ఉలి ఒక్కోటి 120, పసుపు రంగు ప్లాస్టిక్ పిడి. తెలిసిన కమ్మరి లారీ కమాను పట్టీతోటి కొట్టిస్తా, ఒక్కోటి 350 అంటున్నడు. ఆన్‌లైన్‌ల బయటిదేశపువి చూస్తె ఒక్కటే 2,000 దాటింది, అది నాతోని కాదు. 120దే తెచ్చి సానరాయి మీద తిప్పలు పడితె పనికొస్తదా? పైసలు దండుగనా?

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
దండుగ సారూ. కమ్మరితోటి కొట్టించుకో. మా నాయిన 40 ఏండ్లు దర్వాజలు చేసిండు, షాపు ఉలి ముట్టలే. నేను ముట్టి చూసిన. రెండేండ్ల కింద టౌన్ల ఒక షాపుల ఆరు సూతుల (ముప్పావు అంగుళం) ఉలి కొన్న. తుమ్మ దర్వాజకు బెజ్జం కొడుతుంటే నాలుగో దెబ్బకే అంచు మడత పడ్డది. గోరు పెట్టి గీస్తె తగులుతున్నది. వాపస్ తీస్కపోతె "వాడిన సామాను తీస్కోం" అన్నరు. ఆ దర్వాజ ఆసామి ముంగట నా ఇజ్జత్ పోయింది. పొద్దుగూకెదాంక నాయిన ఉలితోనే పని ముగించిన.

మిర్యాలగూడ_బల్ల (ఇప్పుడు హైదరాబాద్)
సార్, భయం లేకుండా కొనండి. నా దగ్గర ఐదేళ్లుగా అలాంటివే నాలుగు ఉన్నాయి, టేకు, వేప, మామిడి అన్నీ కోశాను. కానీ షాపు నుంచి తెచ్చిన ఉలి ఇంకా ఉలి కాదు, సగం పని మీరు చేయాలి.

ముందు బ్లేడు మీద తుప్పు పట్టకుండా వేసిన వార్నిష్ ఉంటుంది, గీకేయండి. తర్వాత వెనక మొహం (ఏటవాలు లేని చదును వైపు) చూడండి, ఫ్యాక్టరీ సానచక్రం గీతలు అడ్డంగా ఉంటాయి. దళసరి అద్దం ముక్క మీద 220 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) అతికించి, అంచు నుంచి ఒక అంగుళం మేర గీతలు పోయేదాకా రుద్దండి. తర్వాత ఇంకా నున్నటివి, 400, 1000 నంబర్లు. అంచు అంటే రెండు మొహాలు కలిసే గీత. ఒక మొహం గరుకుగా ఉంటే రెండోది ఎంత నున్నగా చేసినా అంచు రంపంలాగే ఉంటుంది.

ఇంకొకటి. చవక ఉలుల్లో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలాసార్లు మెత్తగా ఉంటాయి, ఫ్యాక్టరీలో సానపట్టేటప్పుడు వేడెక్కి ఉక్కు చచ్చిపోతుంది. రెండు మూడు సార్లు పదును పెట్టి అంత మేర అరగదీస్తే లోపల మంచి ఉక్కు వస్తుంది. వడ్లింటిబిడ్డ అన్నకి జరిగింది అదే అయి ఉంటుంది. నాలుగు దెబ్బలకే తీర్పు చెప్పేశారు.

పాలమూరు_78
వాటర్ పేపర్ ఖర్చు కలిపి లెక్కేస్కో సారు. నేనైతె రెండు మొకాలున్న సానరాయి మీద గ్యాస్ నూనె (కిరోసిన్) నాలుగు చుక్కలేసి రుద్దుత. అంతే.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
నాలుగు దెబ్బలకే తీర్పు అంటివి బల్ల తమ్మీ. కూలికి పోయిన మనిషి ఆసామి ఇంటి ముంగట కూసోని ఉలి అరగదీసుకుంట లోపలి ఉక్కు కోసం చూస్తడా? ఆ రోజు కూలి ఎవరిస్తరు?

ఇగ ఎనక మొకం అద్దంల రుద్దుడు సంగతి. మా నాయిన ఏనాడు ఎనక మొకం రుద్దలే. ఏటవాలు దిక్కే రాయి మీద రుద్దేది. ఆఖరుకు ఉలి బోర్లేసి రెండు రాతలు రాసేది, గంతే. గా ఉలితోటి ముంజేతి మీది వెంట్రుకలు రాలుతుండె.

మిర్యాలగూడ_బల్ల
అన్నా, మీరే చెప్పారు చూడండి. బోర్లేసి రాసేవారు అన్నారు. ఏటవాలు రుద్దినప్పుడు అంచు మీద సన్నటి ఇనుప పొర వెనక్కి మడుస్తుంది, వేలికి గరుగ్గా తగులుతుంది. అది తీయడానికే బోర్లేసి రాస్తారు. 40 ఏళ్లు రోజుకి రెండు రాతలు రాస్తే ఆ వెనక మొహం అద్దమే అవుతుంది. కొత్త ఉలికి ఆ 40 ఏళ్లు లేవు కాబట్టి ఒక పూట కూర్చుని రుద్దమంటున్నాను. ఒక్కసారే, జీవితంలో.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
రుద్దలే అంటున్న. రాసుడు ఏరు, రుద్దుడు ఏరు.

నల్లమలగాలి (అచ్చంపేట)
ఎనక మొకం గొడవ తర్వాత. సారు ఏం కట్టె కోస్తడో అడుగుండ్రి. టేకుల ఇసుక లాంటి పదార్థం ఉంటది, సిలికా. మెత్తగ కోసినట్టె ఉంటది గాని అంచును తినేస్తది. తుమ్మ, మద్ది అయితె గట్టిదనంతోటి అంచు ఇరుగుతది. రెంటికి ఒకటే పదును పెడ్తె ఎట్ల?

ఇంకోటి, గ్రైండర్ ముట్టొద్దు. మా దగ్గర పోరగాండ్లు యాంగిల్ గ్రైండర్ పెట్టి ఉలి గీస్తరు, అంచు నీలం అయితది. నీలం అయ్యిందంటె ఇగ అది చెమ్చా. ఆ నీలం మేర మొత్తం అరిగిపోయెదాంక ఎంత సానపెట్టినా నిలువదు.

మిర్యాలగూడ_బల్ల
సరిగ్గా చెప్పారు. దూలాలకి, తుమ్మకి గూటంతో (చెక్క సుత్తితో) కొట్టేటప్పుడు అంచు కోణం 30 డిగ్రీలకి తక్కువ పెట్టొద్దు. చేత్తో నెట్టి చెక్కే మెత్త కట్టెకి 25 చాలు. షాపు ఉలులు ఎక్కువగా 25 మీద వస్తాయి. 25 డిగ్రీల అంచుతో తుమ్మని కొడితే ఏ ఉలి అయినా మడుస్తుంది, కమ్మరి ఉలి అయినా సరే. కొనేటప్పుడు జేబులో పాత ఆకురాయి (ఇనుమును అరగదీసే పనిముట్టు) ముక్క పెట్టుకెళ్లండి. షాపాయన్ని అడిగి అంచుకి దగ్గర్లో పక్కవైపు మెల్లగా గీయండి. జారిపోతే గట్టి ఉక్కు. కొరుక్కుంటే వదిలేసి రండి.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
మా నాయినకు డిగ్రీలు తెల్వవు. ఉలి రేకు ఎంత మందమో ఏటవాలు దానికి రెండింతలు పొడుగు ఉండాలంటుండె. పుల్ల పెట్టి కొలిచి చూపించేది. గా లెక్కతోటి మూడు జిల్లాల దర్వాజలు నిలబడ్డయ్. మీ 25లు 30లు ఎవరికి గావాలె?

కొత్తచేతులు (దేవరకొండ)
అన్నా, ఒక్క నిమిషం. ఇది నా సబ్జెక్టు. మందం ఒకటి, ఏటవాలు పొడుగు రెండు అయితె ఆ కోణం సైన్ విలువ అర. అంటె సరిగ్గ 30 డిగ్రీలు. మీ నాయిన చెప్పింది, బల్ల గారు చెప్పింది ఒకటే లెక్క. రేపు పదో తరగతి పిల్లలకు ఈ ఉలి బొమ్మే గీసి చెప్త.

పాలమూరు_78
అబ్బ. ఇది బాగుంది సారు.

మిర్యాలగూడ_బల్ల
చూశారా అన్నా, నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
నువ్వు చెప్తున్నది కాదు. మా నాయిన చెప్పింది. నువ్వు పుట్టకముందు చెప్పింది. నువ్వు ఇంగ్లీషు వీడియోల చూసి డిగ్రీలల్ల చెప్తె అది చదువు, మా నాయిన పుల్లతోటి చెప్తె అది అనుభవం. ఎప్పుడు ఇంతే. శనివారం ఒక బల్ల చేసి ఫొటో పెట్టెటోనికి వంద మంది శభాష్ అంటరు. మేం దర్వాజ చేస్తె అడ్డం దిడ్డం బేరం చేస్తరు. 120 ఉలి చాలు, 120 ఉలి చాలు అని లోకానికి చెప్తున్నవు. కమ్మరి కొలిమి ఆరిపోతె నీకేం నొప్పి?

మిర్యాలగూడ_బల్ల
అన్నా, వీడియో చూసి నేర్చుకున్నాననే కదా కోపం. మరి ఇంకెవరి దగ్గర నేర్చుకోవాలి?

నాకు పన్నెండేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా వీధి చివర వడ్ల పని జరిగే చెట్టు కిందకి రోజూ పోయేవాణ్ని. పొట్టు ఊడ్చేవాణ్ని, మంచినీళ్లు తెచ్చేవాణ్ని. ఒక రోజు ఉలి చేతిలోకి తీసుకుని చెక్క మీద పెట్టాను. ఆయన లాక్కున్నాడు. "ఇది మీ కులపోళ్ల పని కాదు పిలగా, పొయ్యి సదువుకో" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. కానీ మళ్లీ అటు పోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక రాత్రి వీడియో చూసి మొదటి ఉలి కొన్నాను. అది 120 రూపాయలది కాబట్టే కొనగలిగాను, పాడైతే పోయె అనుకున్నాను. 350 పెట్టి కొట్టించాలంటే ముందు కమ్మరి నన్ను లోపలికి రానివ్వాలి కదా. కొత్తవాళ్లకి చవక ఉలి చాలని నేను చెప్పేది అందుకు. కొలిమి ఆరిపోవాలని కాదు.

నల్లమలగాలి (అచ్చంపేట)
ఇది ఉలి ముచ్చట కాదనిపిస్తున్నది.

గద్వాల్_కోట
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. అందులో 18 వృత్తులు ఉన్నాయి, వడ్రంగం, కమ్మరం రెండూ ఉన్నాయి. పనిముట్లకి 15,000 వరకు ఇస్తారు. వృత్తి చేసేవాళ్లు అడిగి తెలుసుకోండి.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
రెండు రోజులు రాయలే. బల్ల తమ్మి రాసింది నాలుగు సార్లు సదివిన.

మా నాయిన గూడ నా చేతిల నుంచి ఉలి గుంజుకుండు. అదే మాట, పొయ్యి సదువుకో అని. నేను ఆయన కడుపున పుట్టినోన్నే. రెడీమేడ్ దర్వాజలు, ఇనుప చౌకట్లు వచ్చినంక ఆయన చేతికి నెలల తరబడి పని లేకుండె. కొడుకు గీ పనిల దిగొద్దని గుంజుకుండు. నీ దగ్గర గుంజుకున్నాయన మనసుల కులం ఉందో ఆకలి ఉందో నాకు తెల్వది. రెండూ ఉంటయ్ కావొచ్చు. నీకు తగిలింది మాత్రం తగిలింది, దాన్ని నేను కాదనను.

కాని నా మాట నాకుంది. నీకు ఉలి పాడైతె పోయె. నాకు పాడైతె ఆ రోజు బువ్వ పోయె. అందుకని నేను 350 అంటున్న. కమ్మరి దగ్గర నువ్వు కొనేది ఇనుము కాదు, నీళ్లు పెట్టే చెయ్యి. మా ఊరి కమ్మరి తాత దగ్గర నిలబడి చూసిన. ఉలి అంచు ఎర్రగ కాల్చి అంగుళం మేర నీళ్లల్ల ముంచి తీసేది. ఎంటనే రాయి ముక్కతోటి గీకి తెల్లగ చేసేది. ఎనక ఇనుముల ఇంకా వేడి ఉంటది గదా, అది మెల్లమెల్లగ ముందలికి పాకుతది. తెల్లగ ఉన్న జాగల ఎండుగడ్డి రంగు ఒస్తది, దాని ఎనక ఇటుక రంగు, దాని ఎనక నీలం, ఒకదాని ఎనక ఒకటి నడుస్తయ్. గడ్డి రంగు అంచుకు తాకంగనే మల్ల ముంచాలె. జెరంత ఆలస్యమైతె నీలం అంచుకొస్తది, ఉలి పోయినట్టే. తాత చీకట్ల చేసేది, ఎండల రంగు కనవడదని. ఈ చూపు ఏ ప్యాకెట్ల ఒస్తది?

మిర్యాలగూడ_బల్ల
అన్నా, నల్లమలగాలి గారు చెప్పిన నీలం, మీ తాత చూసిన నీలం ఒకటే. ఫ్యాక్టరీ సానచక్రం మీద కూడా అదే నీలం వస్తుంది, చూసేవాడు ఉండడు. ఇది నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ కమ్మరి తాత ఇంకా పని చేస్తున్నారా? నాకు ఒక నాలుగు సూతుల ఉలి కావాలి.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
తాత లేడు. కొడుకు వెల్డింగ్ షాపు పెట్టిండు. అడిగితె ఎప్పుడన్నా కొలిమి ఎలిగిస్తడు. అడుగుత. కాని బేరం చెయ్యొద్దు.

మిర్యాలగూడ_బల్ల
చేయను.

కొత్తచేతులు (దేవరకొండ)
మూడు ఆదివారాల తర్వాత వచ్చిన. రెండూ తీసుకున్న, షాపుది ఒకటి, కమ్మరిది ఒకటి, రెండూ ఆరు సూతులవే. షాపుది ఆకురాయితోటి గీసి చూసి, మూడోది ఏరుకున్న. ఎనక మొకం రుద్దనీకి గంటన్నర పట్టింది, చేతుల బొబ్బలు. మొదట వేప మీద కూడ అంచు మడత పడ్డది. రెండు సార్లు అరగదీసినంక నిలబడ్డది. ఇప్పుడు ట్యూబులైటు కింద అంచు చూస్తె తెల్ల గీత కనవడతలేదు, గోరు మీద పెడ్తె జారుతలేదు, అంటె పదునెక్కినట్టె. తుమ్మ మీద ఇరవై దెబ్బలకు మల్ల కొంచెం పోయింది.

కమ్మరి ఉలి తుమ్మ మీద ఒక పూటంత నిలబడ్డది. కాని దాని ఎనక మొకం మధ్యల ఉబ్బు ఉంది. పేపర్ మీద పెడ్తె ఊగుతది. సమం చెయ్యనీకి రెండు ఆదివారాలు పట్టింది. అంటె రుద్దుడు రెండిటికీ తప్పలే అన్నా.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
ఉబ్బు ఉంటె రుద్దాలె, అది నేను కాదనలే. పిడి ఏ కట్టె?

కొత్తచేతులు (దేవరకొండ)
తుమ్మ. నేనే చెక్కిన.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
పొన్ను ఏసినవా?

కొత్తచేతులు (దేవరకొండ)
లేదు. ఇనుప పైపు ముక్క కోసి రింగులెక్క ఎక్కిద్దామనుకుంటున్న.

వడ్లింటిబిడ్డ (నకిరేకల్)
అది ఎక్కిచ్చెదాంక గూటంతోటి కొట్టకు సారూ, పిడి చీలుతది. చేతితోటే నెట్టి చెక్కు.