సాధనలో కుదిరే చిప్ షాట్ పోటీలో ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న:
నమస్కారం. నేను హైదరాబాదులో కొన్నేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) 18కి అటూ ఇటూగా ఉంటుంది. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచీ ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి బాట) నుంచీ కొట్టే షాట్లు ఫరవాలేదు కానీ, గ్రీన్‌కు (హోలు చుట్టూ ఉండే నున్నని గడ్డికి) 30 గజాల లోపలికి వచ్చాకే స్కోరు చేజారిపోతోంది. సాధన గ్రీన్ దగ్గర బుట్టెడు బంతులు పోసుకుని చిప్ చేస్తే (బంతిని కొద్దిగా లేపి గ్రీన్ మీద దొర్లేలా కొడితే) చాలావరకు జెండాకు చేరువలోనే ఆగుతాయి. అదే షాట్ పోటీలో ఎదురైతే వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) బంతికి వెనక నేలలో దిగబడుతోంది, లేదా బంతి నడిమికి తగిలి అది గ్రీన్ దాటి దూసుకుపోతోంది. సాధన సమయం పెంచాలా, పద్ధతి మార్చాలా, లేక లోపం మనసులోనే ఉందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం:
సమయం పెంచే ముందు పద్ధతి మార్చండి. ఒకే చోట నిలబడి, ఒకే వెడ్జ్‌తో, ఒకే జెండాకు వరుసగా కొడుతున్నప్పుడు, మొదటి బంతి ఎక్కడ ఆగిందో చూసి రెండోదాన్ని, రెండోదాన్ని చూసి మూడోదాన్ని దిద్దుకుంటూ పోతాం కాబట్టి చివరి బంతులన్నీ చక్కగా పడతాయి. ఆటలో మొదటి బంతే చివరి బంతి. 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది. అది గోల్ఫ్ మీద చేసినది కాకపోయినా మీ సమస్యకు సరిగ్గా సరిపోతుంది: ఒకే పనిని వరుసగా సాధన చేసినవారు అప్పటికప్పుడు బాగా రాణించారు, పనులను కలగలిపి సాధన చేసినవారు కొంత వ్యవధి తరువాత పెట్టిన పరీక్షలో వారిని మించిపోయారు.

కాబట్టి బుట్టను పక్కన పెట్టి ఒక్క బంతి తీసుకోండి. గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లు ఎంచుకోండి. వాటిలో కొన్ని ఎత్తు గడ్డిలో, కొన్ని వాలులో, ఒకటి రెండు బంకర్లో (ఇసుక గుంటలో) ఉండాలి. ప్రతి చోటు నుంచి ఒక్కసారే కొట్టి, ఆ బంతిని పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌తో) హోలులో వేసేదాకా ఆడండి. ఒక్కో చోటుకు పార్ (అనుకున్న దెబ్బల లెక్క) 2, మొత్తం 18. మళ్లీ కొట్టే వెసులుబాటు లేదు, స్కోరు తప్పక రాసుకోవాలి. పోటీలో ఉండే బిగువు సాధనలోకి రావడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి మార్గం లేదు. ప్రఖ్యాత గోల్ఫ్ ఆటగాడు సెవే బాలెస్టెరోస్ చిన్నతనంలో స్పెయిన్‌లోని పెద్రేన్యా సముద్రతీరాన ఒకే ఒక 3-ఐరన్ క్లబ్‌తో ఆట నేర్చుకున్నాడు. ఒక్క క్లబ్‌తోనే బంతిని ఎత్తుగానూ తక్కువ ఎత్తులోనూ ఆడవలసి రావడంతో ఆయన చేతులకు అంతటి నేర్పు అబ్బింది.

మరో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే నేల గురించి ఒక విషయం చేర్చాలి. మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే బెర్ముడా గడ్డి ఒక దిక్కుకు వాలి పెరుగుతుంది. మీరు నిలబడిన చోటు నుంచి అది మెరుస్తూ కనిపిస్తే మీ నుంచి అవతలికి, ముదురు రంగులో కనిపిస్తే మీ వైపుకు వాలి ఉందని అర్థం. మీ వైపు వాలిన గడ్డిలో వెడ్జ్ ముందంచు ఇట్టే చిక్కుకుంటుంది. చేతులను మరీ ముందుకు నెట్టి కొడితే, క్లబ్ అడుగుభాగం నేల మీద జారడానికి తోడ్పడే బౌన్స్ దాదాపు లేకుండా పోతుంది. అలాంటి చోట 8-ఐరన్‌తో బంతిని దొర్లించడమో, గ్రీన్ అంచునే ఉంటే పటర్ వాడడమో మేలు. చాలామంది దీన్ని చిన్నతనంగా భావిస్తారు. స్కోరు కార్డులో మాత్రం అంకె ఒక్కటే ఉంటుంది.

ఇంకొక సమాధానం:
మనసు విషయానికి వస్తే, జెండాను కాక బంతి నేలను తాకవలసిన చోటును చూడడం అలవాటు చేసుకోండి. 2005 మాస్టర్స్ గోల్ఫ్ పోటీ చివరి రోజున 16వ హోలు దగ్గర టైగర్ వుడ్స్ ఆడిన చిప్ చూసే ఉంటారు. ఆయన బంతిని హోలుకు ఎడమవైపు దూరంగా, వాలు పైభాగాన దించాడు, మిగిలిన పని వాలు చూసుకుంది. ఆ చోటును బంతి వెనక నిలబడి ఉండగానే నిర్ణయించుకుని, ఒకటి రెండు సార్లు గాలిలో ఊపి, బంతి దగ్గరకు వచ్చాక ఇక ఏ ఆలోచననూ మార్చకుండా కొట్టేయండి. నేలను తవ్వడానికీ నడిమికి తగలడానికీ మూలం చాలాసార్లు చివరి క్షణంలో వచ్చే సందేహం వల్ల చేతులు నెమ్మదించడమే.

మీ ఆశలను కూడా ఒకసారి సరిచూసుకోండి. పీజీఏ టూర్ (అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీలు) ఆటగాళ్లు సైతం ఎనిమిది అడుగుల పట్‌లలో (పటర్‌తో కొట్టే దెబ్బల్లో) దాదాపు సగమే వేయగలుగుతారు. ప్రతి చిప్ జెండా పక్కనే ఆగాలని పట్టుబట్టితే బిగుసుకుపోవడం తప్ప ఒరిగేది ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు వారంలో దొరికేది రెండు ఉదయాలే, అదీ గంట చొప్పున. ఆ సమయాన్ని ఎలా పంచుకోమంటారు?

మొదటి సమాధానం రాసినవారు:
మొదటి ఉదయం పది నిమిషాలు ఒకే చోటు నుంచి కొట్టి బంతి శుభ్రంగా తగులుతోందో లేదో చూసుకోండి, తరువాత తొమ్మిది చోట్ల ఆట ఆడండి. రెండో ఉదయం సగం సమయాన్ని మూడు నుంచి ఎనిమిది అడుగుల పట్‌లకు కేటాయించండి, ఎందుకంటే మీ చిప్‌లు ఎక్కువగా ఆగేది ఆ దూరంలోనే. మిగిలిన సగంలో, తొమ్మిది చోట్లలో ఏవి మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టాయో వాటికే తిరిగి వెళ్లండి.