బెంగళూరులో పిల్లల రక్షణ కేస్ వర్కర్‌గా చేరుతున్నా, ఈ పనిలో ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న, మారతహళ్లి నుంచి:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కన పల్లె. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయిపోయింది, ఇక్కడ పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో కేస్ వర్కర్‌గా తీసుకున్నారు, వచ్చే సోమవారం చేరాలి. కన్నడ వింటే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడతాను. తెలుగు వచ్చు కాబట్టే తీసుకుంటున్నామని ఇంటర్వ్యూలోనే చెప్పేశారు. ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్, పోలీసులూ కోర్టులూ నీకెందుకే అని. ముందుగా ఏం తెలుసుకోవాలో చెప్తారా? రూమ్ ఎక్కడ చూసుకోవాలో కూడా.

జవాబు, విల్సన్ గార్డెన్ నుంచి:

చెల్లీ, నేనూ ఇదే పనిలో ఉన్నా. పగలంతా ఫోను మోగుతూనే ఉంటుంది కాబట్టి రాత్రి కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

తెలుగు వచ్చు కాబట్టే తీసుకున్నారన్నావు చూడు, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఇక్కడ ఏ లేబర్ షెడ్డుకి పోయినా కళ్యాణదుర్గం వాళ్ళో పాలమూరు వాళ్ళో కనపడతారు, మెజెస్టిక్‌లో రైలు దిగి దిక్కు తెలియక తిరిగే పిల్లల్లో మనవైపు పిల్లలూ ఉంటారు. బిడ్డ మాట నీకే బాగా తెలుస్తుంది కాబట్టి పోలీసులు, డాక్టరు, సీడబ్ల్యూసీ (పిల్లల సంక్షేమ కమిటీ) మెంబర్లు అందరూ నీవైపే చూస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. చిక్కంతా అవతలివాళ్ళు కూడా మనవాళ్ళే అయినప్పుడు వస్తుంది.

ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్తావు, ఊరి నుంచి చదివిస్తామని తెచ్చుకున్న పిల్ల ఇంట్లో పని చేస్తుంటుంది. వేళ్ళ సందుల్లో చర్మం సబ్బు నీళ్ళకి తెల్లగా నాని పొట్టు లేచి ఉంటుంది. ఆ ఇంటావిడ మాత్రం "మా పిల్లలాగే చూసుకుంటున్నామండీ, స్కూలు బ్యాగు కూడా కొన్నాం" అని బ్యాగు తెచ్చి చూపిస్తుంది, దానికి రేటు చీటీ కూడా ఇంకా ఊడదీసి ఉండరు. తర్వాత గొంతు తగ్గించి నీతో తెలుగులో మొదలుపెడుతుంది, మీదే ఊరమ్మా, ఏ మండలం, అయ్యో మా పెద్దమ్మగారి ఊరి పక్కనే కదా, మనలో మనకి కేసులెందుకు, రేపే బస్సెక్కించి పంపించేస్తాం అని. (పక్కనున్న ఎస్‌ఐకి తెలుగు బాగానే వచ్చని పాపం ఆవిడకి తెలియదు.) అక్కడ నువ్వు ఊరు పేరు చెప్పావో, నీ పని అయిపోయినట్టే. సాయంత్రానికల్లా మీ నాన్నకి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేస్తాడు.

కాబట్టి నీ తెలుగు ఆ బిడ్డ కోసం, రాజీ కుదర్చడానికి కాదు. ఆవిడ తెలుగులో అడిగితే నువ్వు కన్నడలోనే, వచ్చినంతలోనే, అందరికీ వినపడేలా జవాబు చెప్పు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం, 2016 సవరణ తర్వాత ఏ పనికీ వీల్లేదు, బడి అయ్యాక సొంతవాళ్ళకి సాయం, సినిమాల్లో వేషాల్లాంటివి తప్ప. బస్సెక్కించి పంపేయడం ఆవిడ చేతిలోనూ లేదు, నీ చేతిలోనూ లేదు. ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లోగా బిడ్డని సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి, ఎక్కడికి పంపాలన్నది వాళ్ళు తేలుస్తారు.

అమ్మకి ఒక మాట గట్టిగా చెప్పు, నువ్వు ఒక్కదానివే ఎక్కడికీ తలుపు కొట్టడానికి వెళ్ళవు, వెళ్ళకూడదు కూడా. పోలీసులు, లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఉంటారు. ప్రతి స్టేషన్‌లో పిల్లల విషయాలు చూసే పోలీసు ఆఫీసర్ ఒకరుండాలని జేజే (జువెనైల్ జస్టిస్) చట్టంలోనే ఉంది, చేరిన మొదటి వారంలోనే నీ ఏరియా స్టేషన్లకి వెళ్ళి వాళ్ళని పరిచయం చేసుకో. పిల్లల హెల్ప్‌లైన్ 1098 సంగతి తెలుసుగా, ఒకప్పుడు సంస్థలు నడిపేవి, 2023 నుంచి మిషన్ వాత్సల్య అనే పిల్లల రక్షణ పథకం కింద ప్రభుత్వమే నడుపుతోంది, ఎమర్జెన్సీ నంబరు 112తో కలిపారు.

ఇంకో ముఖ్యమైనది. పిల్లలు నమ్మకం కుదిరాక "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా" అంటారు. వెయ్యొద్దు. లైంగిక హింస సంగతి బయటపడితే పోలీసులకి చెప్పి తీరాలని పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో, 19వ సెక్షన్, చెప్పకపోతే శిక్ష నీకే. ఒట్టేసి మాట తప్పితే ఆ బిడ్డ ఇంకెవరినీ నమ్మదు. "నీకు సాయం చేయగలిగేవాళ్ళకే చెప్తా, ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా" అను. అలాగే జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించకు. స్టేట్‌మెంట్ పోలీసులు తీసుకుంటారు, అదీ యూనిఫాం లేకుండా, బిడ్డ ఉండేచోటో కోరుకున్నచోటో.

రిపోర్టులు ఇంగ్లీషులోనో కన్నడలోనో అడుగుతారు. ఫారం 22, అంటే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు, 15 రోజుల్లో ఇవ్వాలి, కమిటీ నాలుగు నెలల్లో తుది ఆర్డర్ వేయాలి. అందులో "తల్లి నిర్లక్ష్యం" లాంటి తీర్పులు రాయకు. రేకుల షెడ్డు, తల్లి తెల్లారకముందే పనికి పోతుంది, ఐదేళ్ళది చంటిదాన్ని ఎత్తుకుని తిరుగుతోంది, నీళ్ళు ట్యాంకరు వస్తేనే, ఇలా కళ్ళతో చూసింది రాయి. ఆ తల్లికి కావలసింది అంగన్‌వాడీయో నెలకి 4,000 రూపాయల ప్రభుత్వ స్పాన్సర్‌షిప్పో అయ్యుండొచ్చు, నీ రెండు ముక్కలతో బిడ్డ హోంలో పడకూడదు.

కన్నడ అక్షరాలు మనకి తొందరగా వచ్చేస్తాయి, స్టేషన్‌లో చేతిరాతే చంపుతుంది, దానికి అక్కడ రాతపని చూసే రైటర్‌ని బతిమాలుకోవడమే. రూము జయనగర్, విల్సన్ గార్డెన్ వైపు చూసుకో, ప్రభుత్వ బాలమందిరాలు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ దగ్గరే. అడ్వాన్స్ పది నెలలు అడిగేవాళ్ళుంటారు, బేరమాడు. జీతం కాంట్రాక్టు పద్ధతి అయితే ఒకోసారి ఆలస్యమవుతుంది, చేతిలో కొంచెం ఉంచుకో.

జవాబు, కేఆర్ పురం నుంచి:

నాదో సలహా. తెలుగు పిల్లలు ఎవరైనా దొరికితే ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమ్మా, గంటలో ఊరూ పేరూ తేలిపోతుంది. ఇంతమందిమి ఉన్నాం, కమిటీ, కాగితాలు అంటూ నెలల తరబడి తిప్పడం ఎందుకు?

విల్సన్ గార్డెన్ నుంచి మళ్ళీ:

అన్నా, మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారు గానీ అది మాత్రం వద్దు. జేజే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ఫొటో ముందు ఎవరి కంట పడుతుందో ఆలోచించండి. పిల్ల ఎవరి చేతిలో దెబ్బలు తిని పారిపోయిందో వాళ్ళూ అదే గ్రూపులో ఉండొచ్చు.

ఊరు కనుక్కోవడానికి వేరే దారులున్నాయి. పారిపోయి వచ్చిన పిల్లాడు అబద్ధం చెప్తాడు, అది మామూలే. ఒక పిల్లాడు కదిరి అన్నాడు, సరే అని వదిలేసి అన్నం తిన్నాక తేరు ఎప్పుడు లాగుతారని అడిగితే తెల్లమొహం వేశాడు. కదిరి పిల్లలకి నరసింహస్వామి తేరు తెలియకపోవడమా! రైల్లో ఏ స్టేషన్ దగ్గర భోంచేశావని అడుగుతూ పోతే గుంతకల్లులో రైలు మారానని వాడే చెప్పాడు, ఇక అక్కడి నుంచి వెతుక్కుంటూ వెళ్ళాం. ఊరు తెలిశాక కూడా ఆ జిల్లా వాళ్ళు ఇల్లు చూసి రిపోర్టు పంపాలి, ఆ తర్వాతే ఇక్కడి కమిటీ అక్కడి కమిటీకి బదిలీ చేస్తుంది. ఆడపిల్ల అయితే వెంట మహిళా పోలీసు ఉండాలి. ఆలస్యం నిజమే, నాకూ విసుగే. కానీ ఆ ఇంటి పరిస్థితి చూడకుండా పంపితే మళ్ళీ మెజెస్టిక్‌లోనే దొరుకుతాడు.

జవాబు, నాగరభావి నుంచి (లాయర్‌ని):

ఒక్క మాట కలుపుతా. పోక్సో కేసులో కేస్ వర్కరే దుభాషిగా కూర్చుంటే రేపు కోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ వదలడు, నువ్వే నేర్పించి చెప్పించావంటాడు. 2020 రూల్స్ ప్రకారం ప్రతి జిల్లా డీసీపీయూ (జిల్లా పిల్లల రక్షణ యూనిట్) దగ్గర అనువాదకుల రిజిస్టర్ ఉండాలి, అందులోంచి పిలవమని రాతపూర్వకంగా అడగండి. ఇది చదివేవాళ్ళలో రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, రిటైరైన టీచర్లూ ఉన్నారు. గ్రూపుల్లో ఫొటోలు తిప్పే బదులు వెళ్ళి ఆ రిజిస్టర్‌లో పేరివ్వండి, నిజంగా పనికొచ్చే సాయం అదే.

మారతహళ్లి నుంచి:

అక్కా, సార్, చాలా థ్యాంక్స్. ఫీల్డుకి బండి ఉండాలా? నా స్కూటీ ఊళ్ళో ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే ఏం చేస్తారో కూడా చెప్పండి, ఇప్పుడే భయమేస్తోంది.

విల్సన్ గార్డెన్ నుంచి:

నిద్ర పట్టదు, మొదట్లో అందరికీ అంతే. మీ సూపర్‌వైజర్‌తో వారానికోసారి కేసుల గురించి కూర్చుని మాట్లాడే టైము చేరేరోజే అడిగి పెట్టించుకో, తర్వాత అడిగితే దొరకదు. మరీ బరువనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్, తెలుగులోనూ మాట్లాడతారు. అమ్మకి మాత్రం కేసుల వివరాలు చెప్పకు, ఆమె భయానికే కాదు, అదీ గోప్యతే.

బండి తెచ్చుకో, సర్జాపుర వైపు షెడ్లకి బస్సు దిగి నడవలేవు. ఏపీ నంబరు కాబట్టి ఆర్‌సీ, ఇన్సూరెన్స్ దగ్గరుంచుకో, ఏడాది దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయించాలి. అప్పటిదాకా బస్సే అనుకుంటే, శక్తి పథకంలో ఆడవాళ్ళకి ఉచితమే గానీ కర్ణాటక అడ్రస్ కార్డు చూపించాలి, నీ ఆధార్ అనంతపురంది కదా, టికెట్ కొనాల్సిందే.